బేబీ విడిచిన చెప్పులు

బి.ఏ.లో నాకు ఇంగ్లీషుకు ఎన్ని మార్కులు వచ్చాయో నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ గొడవలోకి నన్ను ఎవరూ లాగేవాళ్లు కాదు.

అప్పట్లో అనంతపురంలో మా వీధి మొత్తానికి బి.ఏ. చదివిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. అరవైల మొదట్లో, గార్లదిన్నె బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరి ఏడాది కూడా కాలేదు. పొద్దున బస్సులో పోయి, సాయంత్రం బస్సులో వచ్చేదాన్ని. వీధిలో ఎవరి చేతికి ఇంగ్లీషు అక్షరం దొరికినా మా ఇంటికే తెచ్చేవాళ్లు. టెలిగ్రాములు, మందుసీసాల మీది చీటీలు తెచ్చేవాళ్లు. ఒకావిడ కుట్టుమిషను మూత ఊడదీసి, దాని మీద ఏదో రాసుందని చంకన పెట్టుకుని వచ్చింది. నాకు తెలిసింది చెప్పేదాన్ని. తెలియనిది కూడా చెప్పేదాన్ని. అదే నా తప్పు.

మా పక్కింటాయన పగలు ఇత్తడి పాత్రలకు కళాయి పోసేవాడు, పెళ్లిళ్ల కాలం వస్తే బ్యాండు మాస్టరు అయ్యేవాడు. ముస్లిం కుటుంబం వాళ్లది. వీధిలో అందరం ఆయన్ని చిచ్చా అనేవాళ్లం. ఆయన క్లారినెట్ ఊదేవాడు. ఆయన వెనక ట్రంపెట్లు, డోళ్లు, తాళాలు కలిపి మొత్తం ఎనిమిది మంది. అందరికీ భుజాల మీద బంగారు కుచ్చులున్న ఎర్రకోట్లు ఉండేవి. ఆ కోట్లు ఎవరి కొలతలకు కుట్టారో తెలియదుగానీ ఆ ఎనిమిది మందిలో ఒక్కరికీ సరిపోయేవి కాదు.

చిచ్చా బావమరిది బెంగళూరులో ఒక బేకరీలో పనిచేసేవాడు. ఏదో దొరల కుటుంబం ఊరు విడిచి పోతూ సామాన్లు అమ్మేస్తుంటే, కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను ఒకటి కొని చిచ్చాకు తెచ్చి ఇచ్చాడు. దాంతోపాటు ఒకే ఒక్క ప్లేటు వచ్చింది. మధ్యలో ఉండే కాగితం చిరిగిపోయి, పాడింది ఎవరో, పాట పేరేమిటో తెలిసే దారి లేదు.

ఒక ఆదివారం పొద్దున చిచ్చా గ్రామఫోనును తలకెత్తుకుని మా ఇంటికి వచ్చాడు.

"పాపా, దీన్ని రాకెన్ రోలు అంటారంట. మా బావమరిది చెప్పినాడు. రాక్ అంటే రాయి కదా?"

"అవును చిచ్చా."

"రోలు మనకు తెలిసిందే. అంటే రాతిరోలు పాట. దంచుకుంటా పాడేదేమో."

ప్లేటు పెట్టి ముల్లు దించాడు. మొదట ఎవరో తలుపు బాదినట్టు నాలుగు దెబ్బలు వినిపించాయి. తర్వాత గిటారు. ఆ తర్వాత ఒక మగమనిషి, నోటినిండా వక్కాకు పెట్టుకుని దూరంగా పోతున్న బస్సును ఆపుతున్నట్టు గట్టిగా కేకలు పెట్టాడు. నేను కాలేజీలో చదివిన ఇంగ్లీషులో పూలు, పిట్టలు, చచ్చిపోయిన రాజులు ఉండేవి. ఇలా అరిచేవాడు ఒక్కడూ లేడు.

"ట్యూను మూడు దినాలల్ల నేర్చుకున్న్యా. పెండ్లిలో ఊదితే బలే జోరుగా ఉంటాది. కానీ అర్థం తెలియకుండా ఎట్ల ఊదేది? చావు పాట అయితే నన్ను తరుముకుంటారు. నువ్వు విని చెప్పు పాపా."

విన్నాను. మళ్లీ విన్నాను. చిచ్చా కీ ఇస్తూనే ఉన్నాడు. పదోసారికి నాలుగు ముక్కలు చేతికి చిక్కాయి. కాగితం మీద రాసుకున్నాను.

బేబీ లెఫ్ట్ హర్ షూస్ ఎట్ మై డోర్.

రెయిన్ కేమ్ డౌన్ అండ్ వాష్డ్ మై ఫ్లోర్.

ఎయింట్ నోబడీ క్రయింగ్ నో మోర్.

నాలుగోది పాట కాదు, ఒకే మాట మూడుసార్లు. షేక్, షేక్, షేక్.

"బేబీ నా వాకిట్లో చెప్పులు విడిచింది. వాన వచ్చి నా ఇల్లు కడిగింది" అని చదివాను.

చిచ్చా మొహం వెలిగిపోయింది. "బేబీ అంటే చంటిబిడ్డ. అయితే తొట్లలో వేసేటప్పుడు ఊదే పాటన్న మాట."

"చంటిబిడ్డకు చెప్పులేంటి చిచ్చా?"

ఇద్దరం కాసేపు దాని గురించే ఆలోచించాం. కాళ్లు నేలకు ఆనని బిడ్డ చెప్పులు విడవడం కుదరదు. అప్పుడు నాకు తట్టింది.

"చిచ్చా, మీరు నన్ను ఏమని పిలుస్తారు?"

"పాపా అని."

"నేను చంటిబిడ్డనా?"

"ఛీ ఛీ, నీకు ఇరవై రెండేండ్లు కదా."

"అదే మరి. వాళ్లు కూడా అట్లే. పెద్దపిల్లను పట్టుకుని బేబీ అంటారు."

చిచ్చా చాలాసేపు తల ఊపాడు. "అంటే ఆ దొరలు గుడక మన అనంతపురం మాదిరే మాట్లాడతారన్న మాట" అన్నాడు, వాళ్ల మీద కాస్త గౌరవం పెరిగినట్టు.

షేక్ అన్న మాటకు నన్ను అడగనేలేదు. "అది మా ఇంటిపేరు పాపా. మూడుసార్లు పిలుస్తాండాడు, విన్నావు కదా" అన్నాడు. ఊగమని అర్థం అని చెప్పాలని నోరు తెరిచాను. ఆయన సంతోషం చూసి మూసుకున్నాను.

ఇంతలో వసారాలో కూర్చున్న నాయన కళ్లజోడు పెట్టుకుని వచ్చాడు. నాయన రిజిస్టరాఫీసు ముందు దస్తావేజులు రాసే మనిషి. అమ్మకం, దానం, భాగపరిష్కారం తప్ప ఆయనకు వేరే సాహిత్యం లేదు. నా చేతిలోని కాగితం తీసుకుని, నకలు సరిచూస్తున్నట్టు చూపుడువేలు ఆనించి చదివాడు.

"మూడో వాక్యం ఏమి?"

"ఎవరూ ఏడవడం లేదు అని."

"ఎట్లా? ఎయింట్ అంటే కాదు. నోబడీ అంటే ఎవరూ కాదు. మల్ల నో అని ఇంకొకటి ఉండాది. రెండు కాదులు కలిస్తే అవును అవుతాదని నువ్వే కదా పిల్లోళ్లకు చెప్పేది?"

"అవును నాయనా."

"ఈడ మూడుండాయి. రెండు కొట్టేస్తే ఒకటి మిగుల్తాది. అంటే కాదు. ఎవరూ ఏడవడం లేదు. సరిపోయింది." కాగితం తిరిగి ఇస్తూ, "కానీ ఇది రాసినోడు శుద్ధ మొద్దు. ఎవరు, ఏ ఊరు, ఎవరి బిడ్డ, ఏ తేదీన చెప్పులు ఇడిసింది, ఏమీ లేదు. నా దగ్గరికి తెచ్చింటే చింపి పారేసేవాన్ని" అన్నాడు.

అయినా ఎవరూ ఏడవడం లేదు కాబట్టి, అమ్మాయి వాకిట్లో చెప్పులు విడిచింది కాబట్టి, పైగా వాన కూడా వచ్చింది కాబట్టి, ఇది మంగళకరమైన పాటే అని నేను తీర్పు చెప్పాను. చిచ్చా గ్రామఫోను తలకెత్తుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి వారం గార్లదిన్నె పక్క పల్లెలో ఒక పెళ్లిలో చిచ్చా బ్యాండు ఆ పాట మొదటిసారి ఊదింది. అదే సాయంత్రం అక్కడ వాన పడింది. పెద్ద వాన కాదు, దుమ్ము అణిగేంత. కానీ మూడు నెలలుగా ఆకాశం వైపు చూసి చూసి మెడలు పట్టిన ఊళ్లు అవి. చిచ్చా ఊరుకున్నాడా? పాటలో వాన ఉందని, అనంతపురం టీచరమ్మ అర్థం తీసి చెప్పిందని అందరికీ చెప్పాడు. అంతే. దానికి వాన పాట అని పేరు పడింది. వేరుశనగ వేసిన రైతులు ఆయనను వెతుక్కుంటూ మా వీధికి వచ్చేవాళ్లు. నేను బస్సు దిగితే "అర్థం చెప్పిన టీచరమ్మ ఈమేనప్పా" అని ఒకరికొకరు చూపించుకునేవాళ్లు. నాకు సిగ్గుగానూ ఉండేది, లోపల బాగానూ ఉండేది.

మా బడిలో నా దగ్గరే చదివి ఆ ఏడే బయటికి పోయిన ఒక అమ్మాయికి పెళ్లి కుదిరింది. గార్లదిన్నెలోనే పెళ్లి. ఆమె నాయనకు వేరుశనగ చేలున్నాయి, నీళ్లు లేవు. ఆయన చిచ్చాకు ఒకటే మాట చెప్పాడు: "నువ్వు వేరే పాట ఊదకపోయినా పర్వాలేదు. వాన పాట మాత్రం ఊదల్ల." నన్నూ, దస్తావేజులు రాసిన పరిచయంతో మా నాయననూ పెళ్లికి పిలిచాడు.

పెళ్లికొడుకు వాళ్లది కణేకల్. పొద్దున ఎనిమిదింటికే లారీలో దిగారు. ఎండ అప్పటికే నెత్తి మాడుస్తోంది. ఆడపెళ్లివాళ్లం పందిరి ముందు నిలబడ్డాం. నా చేతికి పన్నీరు బుడ్డి ఇచ్చారు. చిచ్చా క్లారినెట్ ఎత్తాడు. నాలుగు దెబ్బలు పడ్డాయి, వాన పాట మొదలైంది. మగపెళ్లివాళ్లు నాలుగడుగులు వేశారో లేదో, వాళ్ల ముందు నడుస్తున్న మీసాలాయన చెయ్యెత్తి "స్టాప్!" అని అరిచాడు.

ఆయన పెళ్లికొడుకు మేనమామ. పటాలంలో పదిహేనేళ్లు పనిచేసి వచ్చాడు. ఆ గొంతుకు బ్యాండు ఆగింది, వంటవాళ్లు కూడా గరిటెలు ఆపారు. వెనకున్న డోలాయన మాత్రం వినబడక ఇంకో ఆరు దెబ్బలు వేసి ఆపాడు.

"ఈ పాట పెట్టినోడు ఎవడప్పా?"

"నేనేన్నా. వాన పాట అది" అన్నాడు చిచ్చా.

"వాన పాటా? మాకు కాలువ ఉండాది, మీ వాన మాకెందుకు? ఈ పాట నాకు తెలుసు. పటాలంలో మా ఆఫీసరు క్యాంటీనులో పొద్దుమానం పెట్టేవాడు. బేబీ లెఫ్ట్ అని మొదలవుతాది. లెఫ్ట్ అంటే ఏమి?"

పందిరి కింద సగం మంది బడిలో కవాతు చేసినవాళ్లే. "ఎడమ!" అని ఒక్క గొంతుతో అన్నారు.

"షూ అంటే?"

"చెప్పు!"

"డోర్ అంటే?"

"వాకిలి!"

"వాకిట్లో ఎడమకాలి చెప్పు. మా ఇంటికి వచ్చే కోడలు ఎడమకాలు పెట్టి రావల్ల అని పాట ఊదిస్తాండారు. మేం కుడికాలు పెట్టి రమ్మంటాం, మీరు ఎడమకాలు అంటాండారు. ఇదేమి మర్యాద?"

పెళ్లికూతురి నాయన మొహం తెల్లబోయింది. ఆయనకు పాటలో వాన ఒక్కటే తెలుసు, కాళ్ల సంగతి తెలియదు. చిచ్చా చుట్టూ చూసి, పన్నీరు బుడ్డితో నిలబడ్డ నా వైపు చెయ్యి చూపించాడు.

"అర్థం చెప్పింది మా టీచరమ్మ. ఆమెను అడగన్నా."

అందరూ నా వైపు తిరిగారు. నా ఇంగ్లీషు మార్కులు నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"ఇక్కడ లెఫ్ట్ అంటే ఎడమ కాదండీ. విడిచిపెట్టింది అని" అన్నాను.

"పదిహేనేండ్లు లెఫ్ట్ రైట్ కొట్టినోన్ని నేను. నాకు చెప్తావామ్మా?"

"ఒకే మాటకు రెండు అర్థాలుంటాయండీ."

"రెండు అర్థాలుంటే పటాలం ఎట్ల నడుస్తాదమ్మా? లెఫ్ట్ అంటే సగం మంది ఎడమకు తిరుగుతారు, సగం మంది తుపాకులు ఇడిసిపెట్టి ఇంటికి పోతారు."

మగపెళ్లివాళ్లు చప్పట్లు కొట్టారు. కానీ ఆయన న్యాయం తెలిసిన మనిషే. చప్పట్లు ఆగాక, "సరే, నీ మాటే పెట్టుకుందాం. చెప్పులు ఇడిసిపెట్టింది. ఇడిసిపెట్టి యాడికి పోయింది? మొగున్ని వద్దని చెప్పులు గుడక తొడుక్కోకుండా పారిపోయిందా? అయితే అది ఇంకా పెద్ద అపశకునం" అన్నాడు.

అప్పుడు మా నాయన కళ్లజోడు తీసి తుడుచుకుని ముందుకొచ్చాడు.

"పోయినట్టు రాతలో యాడా లేదు. మై డోర్ అంటే నా వాకిలి. పాడేది మగవాడు కాబట్టి మగవాని వాకిలి. చెప్పులు ఆడ ఉండాయి. పోయిందని రాయనప్పుడు పోలేదనే అర్థం. ముప్పై ఏండ్లుగా దస్తావేజులు రాస్తాండా, నాకు తెలుసు."

"లోపలికి వచ్చినట్టు గుడక రాయలేదు కదప్పా?"

నాయన కళ్లజోడు మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. పెళ్లికొడుకు పాపం, నుదుట బాసికంతో చెమటలు కక్కుతూ "ఏదో ఒకటి ఊదనీ మామా, కాళ్లు కాల్తాండాయి" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడు ఇంట్లోంచి, కిటికీకి కట్టిన చాప వెనక నుంచి పెళ్లికూతురి గొంతు వచ్చింది. బడిలో ప్రశ్న అడిగితే తల వంచుకుని కూర్చునే పిల్ల ఆమె.

"ఈ ఎండలో చెప్పులు ఇడిసిపెట్టి ఎవరన్నా బయటికి పోతారా? కాళ్లు బొబ్బలెక్కవా? లోపలికే పోయింటాది."

అందరం నేలకేసి చూశాం. మేనమామ తన బూటు ఒకటి పైకెత్తి మట్టి చూసుకున్నాడు. ఆ మాటలో బలముందని ఆయనకు తెలిసిపోయింది. అయినా అంత సులువుగా వదిలే మనిషి కాదు.

"రెండో వాక్యంలో వాన వచ్చింది అన్నారు కదా. వాన వస్తే నేల చల్లగా ఉంటాది. అప్పుడు పోవచ్చు కదా?"

"వాన వస్తే మా ఊర్లో ఎవరూ యాడికీ పోరు. అందరూ వాకిట్లో నిలబడి వాననే చూస్తారు" అంది చాప వెనక గొంతు.

మేనమామ నవ్వేశాడు. మీసాలు తడుముకుంటూ పెళ్లికొడుకు వైపు తిరిగి, "ఒరేయ్, నీ గతి ఇంక అంతే" అన్నాడు. మగపెళ్లివాళ్లూ నవ్వారు. ఇక అంతా సర్దుకుంటుందనుకున్నాను. అప్పుడు డోలాయన, చాలాసేపటి నుంచి ఏదో అడగాలనుకుంటున్నట్టు, "అయినా మేం ఊదేది, కొట్టేది అంతే కదన్నా. మాటలు పాడేది యాడుండాది?" అన్నాడు.

అది నిజమే. ఆ బ్యాండులో పాడేవాళ్లు లేరు. అంతసేపూ మేం కొట్లాడింది ఎవరికీ వినబడని మాటల కోసం. ఇంత అవమానం ఎవరు భరిస్తారు? మగపెళ్లివాళ్లు, ఆడపెళ్లివాళ్లు కలిసి డోలాయన మీద పడ్డారు. "నీకు తెల్దు ఊరుకోప్పా!" అని చిచ్చా కూడా కసిరాడు.

చివరికి ఒప్పందం కుదిరింది. పాట ఊదవచ్చు. కానీ పాటలోని ఎడమకు విరుగుడుగా మగపెళ్లివాళ్లందరూ కుడికాలు ముందు పెట్టి పందిట్లోకి రావాలి. మేనమామ పక్కన నిలబడి "రైట్! రైట్! రైట్!" అని అరవడం మొదలుపెట్టాడు. మధ్యలో లెఫ్ట్ అనే మాట అనడానికి వీల్లేదు కదా. దాంతో పెద్దాచిన్నా, పట్టుచీరల ఆడవాళ్లూ, పెళ్లికొడుకూ అందరూ ఒంటికాలి మీద గెంతుకుంటూ పందిట్లోకి వచ్చారు. ఆ పాట తాళానికి అది బ్రహ్మాండంగా కుదిరింది. పన్నీరు చల్లాల్సిన నేను నవ్వాపుకోలేక సగం బుడ్డి నా చీర మీదే ఒంపుకున్నాను.

ఆ సాయంత్రం వాన రాలేదు. ఒక్క మబ్బు కూడా రాలేదు. పెళ్లికూతురి నాయన నన్ను బస్సు ఎక్కిస్తూ, "మీరంతా కాళ్ల గొడవలో పడి వాన సంగతి మరిచిపోతిరి టీచరమ్మా" అని నిష్ఠూరమాడాడు.

రెండేళ్లు పోయాక చిచ్చా కూతురి పెళ్లికి ఆయన బావమరిది వచ్చాడు. వెంట బేకరీ యజమానురాలిని కూడా తీసుకొచ్చాడు. గౌను వేసుకున్న పెద్దావిడ, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడేదట, తెలుగు బేకరీ పనివాళ్ల దగ్గర నేర్చుకుందట. చిచ్చా ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, గర్వంగా ప్లేటు పెట్టాడు. నేను పక్కన నిలబడి అర్థం చెప్పడం మొదలుపెట్టాను. ఆమె ఒక చెయ్యి ఎత్తింది.

"షూస్ కాదు పిల్లా. బ్లూస్."

మళ్లీ పెట్టించాను. బ్లూస్. ఒకసారి చెప్పాక ఇంక షూస్ అని వినబడదే! నా చెవులు వేడెక్కాయి.

"బ్లూస్ అంటే నీలాలు కదా?" అన్నాడు నాయన. "నీలిమందు. గుడ్డలు తెల్లగా చేసేది. ఆ అమ్మాయి వీనింట్లో గుడ్డలు ఉతకను వచ్చి నీలిమందు మరిచిపోయింది. అందుకే ఇల్లు కడిగినట్టు గుడక రాసినాడు. ఇప్పుడు కుదిరింది."

పెద్దావిడ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. బ్లూస్ అంటే దిగులు అని చెప్పింది. బేబీ తన దిగులు అతని వాకిట్లో వదిలింది.

"వదిలించుకుని లోపలికి వచ్చిందా, అతని నెత్తిన వదిలి పోయిందా?" అని అడిగాను.

"ఎవరికి తెలుసు? ఇది డాన్సు పాట తల్లీ" అని లేచి, కళాయి కోసం వరసగా పెట్టిన బిందెల మధ్య గౌను పట్టుకుని నాలుగడుగులు ఆడింది. ఒక బిందె దొర్లింది.

ఆమె వెళ్లిపోయాక చిచ్చా నా దగ్గరికి వచ్చి, "ఆమెకు వయసు అయింది పాపా. చెవులు సరిగ్గా పని చెయ్యవు. అది చెప్పులే" అన్నాడు. గార్లదిన్నెలో నేనూ ఎవరికీ చెప్పలేదు. ఒక పెళ్లి జరిగిపోయాక చెప్పుల్ని దిగులుగా మార్చడం నాకు మర్యాద అనిపించలేదు.

ఆ మరుసటి ఎండాకాలం ప్లేటును ఎవరో మిద్దె మీద మరిచిపోయారు. మధ్యాహ్నానికి అది కాల్చిన అప్పడంలా వంకర్లు తిరిగింది. చిచ్చా రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆయన భార్య మాత్రం ఏమీ వృథా పోనిచ్చే మనిషి కాదు. దాన్ని వేడినీళ్లలో మెత్తబరిచి, చెంబు మీద బోర్లించి ఒత్తి, చుట్టూ అలలు తిరిగిన నల్లటి గిన్నె చేసింది. అడుగున ఉన్న చిల్లికి లక్క పెట్టింది. మేం వాళ్లింటికి పోయినప్పుడల్లా అందులోనే బొరుగులు, వేయించిన శనక్కాయలు పోసి పెట్టేది.

ఒకరోజు నాయన అందులోంచి బొరుగులు తింటూ ఆగిపోయాడు.

"ప్లేటుకు రెండు పక్కలా పాటలుంటాయి కదా. రెండో పక్క ఏముండేదో ఎవరన్నా విన్యారా?"

చిచ్చా నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన భార్య ఏమైనా కనబడుతుందేమోనని గిన్నెను తిరగేసింది, బొరుగులన్నీ చాప మీద పడ్డాయి.